రొయ్య ధర పడిన రోజు

నెల్లూరు తీరాన ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు మండలాల్లో రొయ్యల చెరువులు దారి పొడవునా కనిపిస్తాయి. చెరువు గట్టున మేత చల్లేది, వల లాగేది చాలావరకు మగవారే. రొయ్య శుద్ధి కర్మాగారానికి చేరాక తల తీసి, పొట్టు ఒలిచి, నరం లాగే చేతులు మాత్రం ఎక్కువగా స్త్రీలవి. మంచునీటిలో వేళ్లు తిమ్మిరెక్కే పని అది.

2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకుల్లో చాలావాటిపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది. మన రొయ్యకు అతి పెద్ద కొనుగోలుదారు ఆ దేశమే. అక్కడ బేరం తగ్గితే ఇక్కడ ధర పడుతుంది. రైతు పిల్ల వేయడానికి వెనుకాడతాడు. కర్మాగారానికి సరుకు తగ్గుతుంది. కిలోల లెక్కన కూలి తీసుకునే స్త్రీకి ఉద్వాసన పత్రం ఉండదు. మేస్త్రీ “రేపు రావద్దు” అంటే చాలు. 1994లో తెల్లమచ్చ తెగులు వచ్చినప్పుడూ, 2020 లాక్‌డౌన్‌లోనూ ఈ తీరం ఇటువంటి గడ్డుకాలాన్నే చూసింది.

మాంద్యం స్త్రీని రెండు వైపులకు లాగుతుంది. పనిలో ఉన్న ఆమెను ఇంటికి పంపుతుంది. భర్త రాబడి పోయిన మరొకామెను తక్కువ కూలికైనా గడప దాటిస్తుంది. 15 ఏళ్లు నిండిన స్త్రీలలో శ్రామికుల వాటా 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7 శాతం అని ప్రభుత్వ సర్వే చెబుతోంది. ఆ పెరుగుదలలో అధిక భాగం స్వయం ఉపాధి, ఇంటి వ్యాపారంలో జీతం లేని చాకిరీ. కాబట్టి అంకె పెరిగినంత మాత్రాన బతుకు మెరుగుపడిందని అనుకోలేము.

షరీఅత్‌లో ఇంటి పోషణ భారం భర్తది. భార్య ఆర్జన ఆమె సొంతం. హజ్రత్ ఖదీజా (రజి) వ్యాపారం చేసిన మహిళ. ఇల్లాలు తన కూలిని ఇంటికి పెడితే అది ఆమె చేసే ఉపకారం. పని దొరికినన్నాళ్లు ఆ డబ్బు వాడుకొని, పని పోయాక “ఖాళీగానే ఉన్నావుగా” అనడం అన్యాయం.

సోదరీమణులారా, పనికి వెళ్లిన రోజులను, అందిన కూలిని ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. నెలకు 21,000 రూపాయలలోపు వేతనం ఉన్నవారు తమకు ఈఎస్ఐ వర్తిస్తుందేమో యాజమాన్యాన్ని అడగండి. మొహల్లా పెద్దలు కూడా ఒక్క మాట ఆలోచించాలి. పని ఆగిన నెలలో ఆమె చెవి కమ్మలు వడ్డీ దుకాణానికి చేరకముందే, బైతుల్‌మాల్ నుంచి ఖర్జె హసన ఆమె గడపకు చేరాలి.