రాజసం సరే... స్టార్టవుతుందా?

ఏనుగును కొనడం గొప్ప కాదు, మేపడం గొప్ప. పాత ఇటలీ స్పోర్ట్స్ కార్లకు ఈ మాట అచ్చంగా సరిపోతుంది.

లాంబోర్గిని మియురానే తీసుకోండి. ట్రాక్టర్లు చేసి డబ్బు గడించిన ఫెరూచియో లాంబోర్గిని 1963లో కార్ల కంపెనీ పెట్టాడు. 1966లో జెనీవా ప్రదర్శనలో మియురాను చూసి జనం నోళ్లు వెళ్లబెట్టారు. పన్నెండు సిలిండర్ల ఇంజన్‌ని డ్రైవరు వీపు వెనకే అడ్డంగా అమర్చారు. అందుకే బండికి ఆ పొందిక. చిక్కు కూడా అక్కడే! ఇరుకు జాగాలో కార్బొరేటర్లు ఇంజన్ నెత్తినెక్కి కూర్చున్నాయి. పెట్రోలు పొంగి కారితే కింద కాలుతున్న ఇంజన్. అలా మంటలపాలైన మియురాలు ఉన్నాయి.

1984లో వచ్చిన ఫెరారీ టెస్టారోసాది మరో తీరు. టైమింగ్ బెల్టు మార్చాలంటే ఇంజన్‌నే కిందికి దించాలి. పళ్లు తోమడానికి తల ఊడదీసినట్టన్నమాట!

ఇది పనివాళ్ల అశ్రద్ధ అనుకుంటే పొరపాటు. మియురాలు మొత్తం చేసింది సుమారు 760. అంత చిన్న కార్ఖానాలో ముందు అందం, వేగం. ఏళ్ల తరబడి పరీక్షించే ఓపిక, డబ్బు ఎక్కడివి? ఆ పరీక్షేదో కొన్నవాళ్లే చేసుకున్నారు.

మన దగ్గర అలాంటి బళ్లు ఎక్కడివంటారా? ఒకప్పటి సంస్థానం ఆత్మకూరు మొదలు హైదరాబాదు దాకా మన రోడ్లు బాగా ఎరిగిన ఇటలీ కారు ఫియట్. బొంబాయిలో ప్రీమియర్ కంపెనీ తయారుచేసిన ఈ బండికే 1974లో పద్మిని అని పేరొచ్చింది. స్పోర్ట్స్ కారు కాదు గానీ అలకలో మాత్రం ఆ వంశమే. పాలమూరు ఎండల్లో ఇంజన్ పక్కనున్న పంపు వేడెక్కి, పెట్రోలు ఆవిరై, నడిరోడ్డు మీద ఆగిపోయేది. డ్రైవరు బానెట్ ఎత్తి, పంపు మీద తడిగుడ్డ వేసి, చెట్టుకింద బీడీ ముట్టించేవాడు. కాసేపటికి బండి మళ్లీ కదిలేది. జబ్బు తెలుసు, మందు చేతిలోనే ఉంది. అందుకే ఎవరూ దాన్ని అసహ్యించుకోలేదు.

ఇప్పుడు కరువైంది ఆ చేతివాటమే. ముంబయిలో చివరి పద్మిని టాక్సీ 2023లో రోడ్డు దిగింది. ఇటలీలో లాంబోర్గిని తన పాత బళ్లను బాగుచేయడానికి 2015లో ప్రత్యేక విభాగమే పెట్టింది. మనకు మిగిలింది చెవితో విని కార్బొరేటర్ సరిచేసే నాలుగూళ్ల మేస్త్రీలు. వాళ్ల విద్య ఏ పుస్తకంలోనూ లేదు.

మీ షెడ్డులో దుమ్ము పట్టిన ఫియట్ ఉంటే, రంగు సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు అలాంటి మేస్త్రీని వెతికి పట్టుకోండి. ఆయన పక్కన ఓ కుర్రాణ్ణి కూడా నిలబెట్టండి. బండి ఆగినా ఫర్వాలేదు, కదిలించేవాడుంటే!