దీపం కింద చామంతి

మా అమ్మకు బజారు పూలు కిట్టవు. తన చేత్తో తెంపిన పూవే దేవుడికి పెట్టాలి. అందుకే నిజామాబాదులో మా అరుగు మీద ఆరు కుండీల్లో చామంతులు పెంచుతున్నది. నిరుడు మొక్కలు ఏపుగా పెరిగాయిగాని, మొగ్గ తొడగలేదు. చలికి ముడుచుకున్నాయేమో అనుకున్నాను. పేడ నీళ్ళు పోశాను. ఈ యేడూ దసరా దాటినా అదే వరస.

కార్తీకంలో ఒక రైతు, కొడుకు చదువు సంగతి కనుక్కోవడానికి బోధన్ వైపునుంచి కాలేజీకి వచ్చాడు. శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డాక చెరకు మాని, అరెకరంలో చామంతి పెట్టినవాడాయన. నా గోడు విని, "కుండీల కాడ లైటున్నదా సారూ?" అన్నాడు.

ఉంది. అమ్మ రాత్రివేళ లేచి తడబడి పడుతుందేమోనని తెల్లవార్లూ నేనే వెలిగించి ఉంచుతున్నాను.

"గదే మరి. చామంతికి రాత్రి రాత్రిలెక్కనే ఉండాలె."

ఇది శాస్త్రమే. పగటి నిడివినిబట్టి మొక్కలు పూస్తాయని అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు 1920లో వెల్లడించారు. చామంతికి ఎడతెగని పొడుగాటి చీకటి కావాలి. నడిరాత్రి దీపం వెలిగితే దాని లెక్కలో ఆ రాత్రి రెండు ముక్కలైనట్టే. హాలెండు వంటి చలిదేశాల్లో గాజు ఇళ్ళ మీద వేసవిలో నల్లగుడ్డలు కప్పి, శీతకాలంలో మొక్క ఎదిగేదాకా దీపాలు పెట్టి, ఏడాది పొడుగునా పూలు కోస్తారు. మనకా చీకటిని చలికాలం ఉచితంగానే ఇస్తుంది. నేనే పోగొట్టాను. "దీపం కిందే చీకటి" అని ఇరవై ఏళ్ళుగా పాఠం చెప్పే నాకు, మా దీపం కింద చీకటి లేదని తట్టలేదు!

"దీపమార్పు బిడ్డా" అంది అమ్మ. వల్లకాదన్నాను. పూవు మళ్ళీ పూస్తుంది. ఈ వయసులో తుంటి విరిగితే అతకదు. కుండీలు మార్చుదామంటే పెరడు లేదు, మేడ ఆమె ఎక్కలేదు. రెండు రోజులు మాటల్లేవు.

చివరికి రాజీ కుదిరింది. దీపం వెలుగుతుంది. సాయంత్రం ఆరింటికి కుండీలకు అటూ ఇటూ కుర్చీలు వేసి నల్ల గొంగడి కప్పుతాను. పొద్దున ఏడింటికి తీస్తాను. సభలకు పిలిచేవారికి, "ఆరింటికి ఇంటి దగ్గర చీకటి చెయ్యాలి" అని చెబితే నవ్వుతున్నారు.

నెల తిరిగేసరికి శనగగింజలంత మొగ్గలు. సంక్రాంతికి విచ్చుకున్నాయి. అమ్మ రెండు పూలు తెంపింది. ఒకటి దేవుడికి పెట్టింది. రెండోది ఆ రైతు కొడుకు చేతికిచ్చి, వాళ్ళ నాయనకు పంపమంది.