పండిన అరటి – నెమరువేయు పశువు

రావులపాలెం అరటి మార్కెట్టు చుట్టుపట్ల, అమ్ముడుపోక మెత్తబడిన పండ్లు పశువుల తొట్లలో పడుట కద్దు. పారవేయుటకంటె ఆవుకు పెట్టుట పుణ్యమని పలువురు తలచెదరు. పండో రెండో సరే. బుట్టల కొలది పెట్టుట ప్రమాదమని నా నిశ్చితాభిప్రాయము.

ఆవు కడుపున నాలుగు గదులు గలవు. మొదటిదైన పెద్దపొట్టలో 100 లీటర్లకు మించి మేత, నీరు పట్టును. అచ్చట గడ్డిని జీర్ణింపజేయునది ఆవు కాదు, కంటికి కనబడని సూక్ష్మజీవులు. అవి మేతను పులియబెట్టగా పుట్టు ఆమ్లములే ఆవుకు కావలసిన శక్తిలో 70 శాతము వరకు సమకూర్చును. ఎండుగడ్డిని నమలి నెమరు వేయుచున్నంతసేపు లాలాజలము ఊరుచుండును. అందలి వంటసోడా వంటి క్షారము పొట్టలోని పులుపును విరుచును. పెద్ద ఆవుకు దినమునకు ఊరెడు లాలాజలము 100 లీటర్లకు పైమాటే!

పండుటరటిలో చక్కెర హెచ్చు, నమలవలసిన పని తక్కువ. అలవాటు లేని పశువు ఒక్కసారిగా తినినచో లాక్టిక్ ఆమ్లము పేరుకొని, పీచును కరిగించు సూక్ష్మజీవులు నశించును. పశువు మేత మానును, నెమరు ఆగును, పేడ పలుచబడును. ముదిరినచో కూలబడి చచ్చును. పెళ్లిళ్లలో మిగిలిన అన్నమును తొట్టిలో కుమ్మరించినను ఇదే గతి.

పండు పెట్టదలచిన వారు ముందు ఎండుగడ్డి మేపి, కొద్ది పండ్లతో మొదలిడి, రెండు మూడు వారములలో మెల్లగా పెంచవలెను. అరటి బోదె సంగతి వేరు. అందు చాలవరకు నీరే, నరికి ఎండుగడ్డితో కలిపి పెట్టవచ్చును. నెమరు ఆగిన పశువుకు ఇంటివైద్యముతో ప్రొద్దుపుచ్చక వెంటనే పశువైద్యుని పిలువవలెను.