మృతులపై నేరారోపణ

1888వ సంవత్సరమున ఆగస్టు 31 మొదలు నవంబరు 9 వరకు లండనులోని వైట్‌చాపెల్ పరిసరములందు అయిదుగురు స్త్రీలు హత్యగావింపబడిరి. “జాక్ ది రిప్పర్” అను మారుపేరే కాని హంతకుని జాడ నేటికిని తెలియరాలేదు. అయినను క్రొత్త యనుమానితులు బయలువెడలుచునే యున్నారు.

2002లో పెట్రీషియా కార్న్‌వెల్ అను రచయిత్రి చిత్రకారుడగు వాల్టర్ సికర్టును దోషి యనెను. ఆ దినములలో ఆయన చాలవరకు ఫ్రాన్సులో నుండెనని నాటి జాబులు తెలుపుచున్నవి. 2014లో ఒక గ్రంథకర్త, హతురాలగు కాథరిన్ ఎడోస్‌దని చెప్పబడు శాలువపై మరకలను పరీక్ష చేయించి, క్షురకుడగు ఆరన్ కోస్మిన్‌స్కీని హంతకుడనెను. ఆమె వస్తువులను గూర్చి పోలీసులు వ్రాసికొనిన పట్టికలో అట్టి శాలువయే లేదు! బండివాడగు చార్లెస్ లెచ్‌మియర్ తొలి శవమును చూచినవాడు, చూచుటయే నేరమగునా?

1894లో పోలీసు అధికారియగు మెక్‌నాటన్ మైకేల్ ఆస్ట్రోగును అనుమానితులలో జేర్చెను. హత్యాకాలమున వాడు ఫ్రాన్సు చెరసాలలో నుండెనని సుమారు నూరేండ్లకు గాని తేలలేదు. అధికారి మాటయే యిట్లయినచో, తక్కినవారి యూహల మాట చెప్పనేల?

చదువరులారా! అన్వేషణము తగదని మే మనము. కాని ఊహ వేరు, రుజువు వేరు. మృతుడు లేచివచ్చి బదులు చెప్పజాలడు. కావున రుజువు లేనిచోట “తెలియదు” అనుటయే న్యాయమని మా యభిప్రాయము.