బళ్లారి పక్కన మోగే కొండ

కుండ కొనేటప్పుడు మన ఆడవాళ్ళు వేలు మడిచి దానిమీద కొట్టి చూస్తారు. ఖంగుమంటే తీసుకుంటారు. బొద్దుగా పలికితే పక్కన పెట్టేస్తారు. బీటవారిన కుండ మోగదు. వెండి రూపాయి మంచిదో కాదో వెనకటి షరాబులు కూడా మోత వినే చెప్పేవారు. రాళ్ళ సంగతీ అంతే. నమ్మకం లేకపోతే బళ్లారి చేరువలో సంగనకల్లు పక్కన ఉన్న కుప్పగల్లు కొండ సంగతి వినండి.

ఆ కొండ గ్రానైటుది. దాని మధ్యగా మాత్రం నల్లరాతి చార ఒకటి సాగుతుంది. భూమి లోపల కరిగి ఉన్న శిలాద్రవం పైకి ఉబికి, నేలమీద పరుచుకుని చల్లారితే బసాల్టు అవుతుంది. మహారాష్ట్రలోని దక్కను నల్లరాయి సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట అలా ఏర్పడిందే. ఆ ద్రవం పైదాకా రాకుండా పాతరాతి పగుళ్ళలోనే ఆగి చల్లారితే డోలరైటు అవుతుంది. కుప్పగల్లు చార అదే. అందులోని స్ఫటికాలు చిన్నవి, ఒకదానిలో ఒకటి గట్టిగా పెనవేసుకుని ఉంటాయి.

పగుళ్ళు లేని అలాంటి బండ కింది రాళ్ళమీద రెండు మూడు చోట్ల మాత్రమే ఆని ఉందనుకోండి. దెబ్బ తగలగానే కదలిక బండంతా పాకి, గంటలాగా కాసేపు నిలుస్తుంది. అదే బండ సగం మట్టిలో కూరుకుపోతే మోత చచ్చిపోతుంది. అందుకే డోలరైటు బండలన్నీ మోగవు. గ్రానైటు కూడా వీలు కుదిరితే మోగుతుంది. హంపి విఠలాలయంలోని స్తంభాలే సాక్ష్యం.

కుప్పగల్లు బండలమీద కొత్త రాతియుగం నాటినుంచి చెక్కిన ఎద్దుల బొమ్మలు, మనుషుల బొమ్మలు ఎన్నో ఉన్నాయి. 1892లోనే ఫాసెట్ అనే ఇంగ్లీషువాడు వీటిని గురించి రాశాడు. కొన్ని బండలకు రాతితో కొట్టికొట్టి అరిగిన గుంటలున్నాయి. అక్కడ గ్రానైటు రాయితో కొడితే కంచు మోగినట్లు మోగుతాయని నికోల్ బోయివిన్ 2004లో 'యాంటిక్విటీ' పత్రికలో ప్రకటించింది. అంటే వేల ఏళ్ళ కిందట పశువులు మేపుకున్న మనుషులు ఏ రాయి పలుకుతుందో వెతికి మరీ పట్టుకున్నారన్నమాట.

క్వారీ పనివల్ల ఈ బండలకు ముప్పు ఉందని కూడా ఆవిడ అప్పుడే రాసింది. నల్లరాయికి గిరాకీ ఎక్కువ. టన్నుకింత అని లెక్కకట్టి కొనేవాళ్ళకు అందులోని మోత లెక్కలోకి రాదు. బొమ్మనైతే ఫొటో తీసి దాచుకోవచ్చు. బండను పగలగొట్టి కంకర చేశాక దాని స్వరాన్ని ఎవరూ మళ్ళీ అతికించలేరు.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు బళ్లారి మైసూరు వైపు వెళ్ళింది. అయినా అక్కడ మన ఇళ్ళు, మన బంధువులు ఉండనే ఉన్నారు. ఈసారి పెళ్ళికో పండక్కో వెళితే, ఊళ్ళో రాబర్ట్ బ్రూస్ ఫుట్ పేరిట ఉన్న సంగనకల్లు మ్యూజియానికి పిల్లలను తీసుకెళ్ళండి. కొండకూ వెళ్ళవచ్చు. బొమ్మలున్న చోట మాత్రం రాయి ఎత్తవద్దని ముందే చెప్పండి.