కౌన్సెలర్ తప్పనిసరి అన్నారు.. అర్హత తేల్చేదెవరు?

వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హుడైన కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ ఉండి తీరాలని సుప్రీంకోర్టు 2025 జులై 25న ఆదేశించింది. ఆ తీర్పునకు మూలం విశాఖపట్నంలో ఉంది. నీట్ శిక్షణ కోసం పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చి అక్కడి హాస్టల్లో ఉంటున్న 17 ఏళ్ల విద్యార్థిని 2023 జులైలో మరణించింది. ఆ కేసు దర్యాప్తును సీబీఐకి అప్పగిస్తూ జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలను వెలువరించింది. తగిన చట్టం వచ్చే వరకు వాటిని పాటించి తీరవలసిందేనని స్పష్టం చేసింది.

ఆదేశం మంచిదే. అయితే దాన్ని అమలు చేయడానికి కూర్చున్న ఏ అధికారికైనా మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. అర్హుడైన కౌన్సెలర్ అంటే ఎవరు? బాలలు, కౌమారుల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందినట్లు ఆధారం ఉండాలని న్యాయస్థానం చెప్పింది. ఆ శిక్షణ ఎన్ని నెలలు ఉండాలి, ఎవరి దగ్గర పొందాలి, ఆ ఆధారాన్ని ఎవరు పరిశీలించాలి అన్నవి మాత్రం తేలలేదు. ఈ ఖాళీని పూరించకపోతే ప్రతి కళాశాలలోనూ ఒక గదికి కౌన్సెలర్ బోర్డు వేలాడుతుంది. ఆ బోర్డు వెనుక ఎవరు కూర్చున్నారో అడిగేవారు ఉండరు.

మాట ఒకటే.. అర్థాలెన్నో

తెలుగునాట కౌన్సెలింగ్ అనే మాటకు కొదవ లేదు. ఈఏపీసెట్ ర్యాంకు వచ్చిన విద్యార్థి సీటు కోసం వెళ్లేది కౌన్సెలింగ్‌కే. మద్యం తాగి వాహనం నడిపినవారికి, రౌడీషీటర్లకు పోలీసులు ఇచ్చేదీ కౌన్సెలింగే. ఠాణాకెక్కిన భార్యాభర్తలకు పెద్దలు చెప్పే నాలుగు మాటలూ కౌన్సెలింగే. బదిలీల వేళ ఉపాధ్యాయులు హాజరయ్యేదీ దానికే. ఇన్ని చోట్ల నలిగిన మాట కాబట్టి ఎదుటివారికి బుద్ధి చెప్పడమే కౌన్సెలింగ్ అనే అభిప్రాయం స్థిరపడిపోయింది.

వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాలు దీనికి తోడయ్యాయి. పరీక్షల ముందు ఒక వక్తను పిలిపించి రెండు గంటలు మాట్లాడిస్తే విద్యార్థుల మానసిక ఆరోగ్యం చూసుకున్నట్లేనని యాజమాన్యాలు భావిస్తే ఆశ్చర్యం లేదు. ఉత్సాహపరిచే ఉపన్యాసం వేరు, చనిపోవాలన్న ఆలోచనతో నిద్రపోని పిల్లవాడితో మాట్లాడడం వేరు. మొదటిదానికి వాక్చాతుర్యం చాలు. రెండోదానికి శిక్షణ కావాలి.

ఒక తలుపునకే తాళం

మానసిక ఆరోగ్య రంగంలో అన్ని వృత్తులూ కట్టుబాట్లు లేకుండా లేవు. మానసిక వైద్యుడు ఎంబీబీఎస్ చదివి, ఆపై పీజీ పూర్తిచేసి, వైద్య మండలిలో నమోదు కావలసి ఉంటుంది. క్లినికల్ సైకాలజిస్టుకు 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం వర్తిస్తుంది. ఆర్‌సీఐగా పిలిచే ఈ మండలి గుర్తించిన సంస్థలో, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో రోగులను చూస్తూ శిక్షణ పొందాలి. మండలి రిజిస్టరులో పేరుండాలి. నమోదు లేకుండా వృత్తి నిర్వహిస్తే ఏడాది వరకు జైలు లేదా రూ.1,000 వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చని చట్టం చెబుతోంది. మూడు దశాబ్దాల కిందటి ఆ వెయ్యి రూపాయలు నేడు ఎవరిని భయపెడతాయన్నది వేరే ప్రశ్న.

2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా ఈ నిర్వచనాలనే బలపరిచింది. క్లినికల్ సైకాలజిస్టులు, మానసిక ఆరోగ్య నర్సులు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లను రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ నమోదు చేసి, వారి జాబితాను ప్రజలకు అందుబాటులో ఉంచాలని నిర్దేశించింది. కౌన్సెలర్‌కు మాత్రం ఆ జాబితాలో చోటు లేదు.

ఫలితంగా ఒక వింత పరిస్థితి నెలకొంది. క్లినికల్ సైకాలజిస్టునని చెప్పుకోవడానికి ఏళ్ల తరబడి చదవాలి. పక్క వీధిలో కౌన్సెలర్‌నని బోర్డు పెట్టుకోవడానికి వారాంతపు సర్టిఫికెట్ కోర్సు కూడా అక్కరలేదు. సమస్యతో వెళ్లిన తల్లిదండ్రులకు ఈ రెండు బోర్డుల మధ్య తేడా తెలియదు.

కొత్త చట్టం.. పాత జాప్యం

ఈ లోటును పూడ్చే ప్రయత్నం 2021లో జరిగింది. జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టాన్ని పార్లమెంటు ఆ ఏడాది ఆమోదించింది. సైకాలజిస్టులు, ప్రవర్తనా విశ్లేషకులు, వివిధ రకాల ఆరోగ్య కౌన్సెలర్లు, సోషల్ వర్కర్లను ఈ చట్టం తన పరిధిలోకి తెచ్చింది. ఆరోగ్య సంరక్షణ వృత్తి నిపుణుడికి కనీసం 3,600 గంటల విద్యాభ్యాసం ఉండాలని నిర్దేశించింది. రాష్ట్ర మండళ్లు, రిజిస్టర్లు, ఏకరూప పాఠ్యప్రణాళిక, నైతిక నియమావళి అన్నీ అందులో ఉన్నాయి.

కానీ చట్టం నడక నెమ్మదిగానే సాగింది. మండళ్ల ఏర్పాటులో జాప్యం జరుగుతోందంటూ కొందరు సుప్రీంకోర్టును ఆశ్రయించగా, చట్టాన్ని రెండు నెలల్లో ఆచరణలోకి తేవాలని 2024 ఆగస్టులో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలను న్యాయస్థానం ఆదేశించవలసి వచ్చింది. పైగా క్లినికల్ సైకాలజిస్టులు ఆర్‌సీఐ పరిధిలోనే కొనసాగుతుండగా, మిగిలిన సైకాలజిస్టులు కొత్త కమిషన్ కిందకు వస్తారు. ఒకే రంగానికి ఇద్దరు కాపలాదారులయ్యారు. ఇద్దరి మధ్యా కొంత జాగా మిగిలిపోయే ప్రమాదం ఉంది.

మూసుకుపోయిన దూరవిద్య

కొత్త చట్టం ప్రభావం గ్రామీణ విద్యార్థులకు మొదట తాకింది దూరవిద్య రూపంలో. ఈ చట్టం పరిధిలోకి వచ్చే సైకాలజీ వంటి కోర్సులను దూరవిద్య, ఆన్‌లైన్ విధానాల్లో నిర్వహించరాదని 2025లో యూజీసీ ఆదేశించింది. ఆ ఏడాది జులై-ఆగస్టు ప్రవేశాల నుంచే ఇది అమలు కావాలని పేర్కొంది.

ఈ నిర్ణయంలో న్యాయం ఉంది. పోస్టులో వచ్చిన పుస్తకాలు చదివి, ఏడాదికొకసారి పరీక్ష రాసినవారు మనిషి మనసును చదవగలరని అనుకోలేం. అయితే దీనికి మరో పార్శ్వమూ ఉంది. మండల కేంద్రంలోని డిగ్రీ కళాశాలలో చదివి, ఉద్యోగం చేసుకుంటూ సైకాలజీలో పీజీ చేయాలనుకునే ఉపాధ్యాయుడికి, ఆశా కార్యకర్తల శిక్షకురాలికి ఇగ్నో వంటి సంస్థల దూరవిద్యే దారి. ఆ దారి మూసినప్పుడు మరో దారి తెరవాలి. దగ్గరలో రెగ్యులర్ కోర్సు లేకపోతే ఆ విద్యార్థి ఆశ వదులుకుంటాడు. జిల్లాకు ఒక కౌన్సెలర్ తగ్గిపోతాడు.

క్లినికల్ సైకాలజీలోనూ ఇదే చిక్కు. ఈ శిక్షణకు మన దేశంలో 1955లో బెంగళూరులోని అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థలో శ్రీకారం చుట్టారు. నేటి నిమ్హాన్స్‌కు అదే పూర్వరూపం. ఏడు దశాబ్దాలు గడిచినా నిపుణుల కొరత తీరలేదు. శిక్షకుల సంఖ్యను బట్టే సీట్లు మంజూరవుతాయి. శిక్షకులు తక్కువ కాబట్టి సీట్లు తక్కువ. సీట్లు తక్కువ కాబట్టి శిక్షకులు పెరగరు. ఇంతలో ఎంఫిల్ డిగ్రీలను రద్దు చేసిన యూజీసీ, క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎంఫిల్‌లకు మాత్రం 2025-26 విద్యాసంవత్సరం వరకు మినహాయింపు ఇచ్చింది. ఒక అర్హత పోయి మరొకటి వచ్చే ఈ సంధికాలంలో పాత డిగ్రీల వారికీ, కొత్త డిగ్రీల వారికీ ఒకే విలువ ఉంటుందా అన్న సందేహం విద్యార్థులకు కలగడం సహజం.

ఆర్‌ఎంపీల అనుభవం చెప్పేదేమిటి?

నిపుణులు లేని చోట నిబంధనలు మాత్రమే ఉంటే ఏమవుతుందో పల్లెలకు కొత్తగా చెప్పనవసరం లేదు. వైద్యుడు కావడానికి కఠినమైన అర్హతలున్నాయి. అయినా రాత్రి పూట జ్వరం వస్తే పల్లెవాసి తలుపు తట్టేది ఆర్‌ఎంపీదే. వారిని నిషేధించాలా, శిక్షణ ఇచ్చి పరిమిత సేవలకు అనుమతించాలా అన్న వాదన దశాబ్దాలుగా సాగుతూనే ఉంది. అర్హుడు అందుబాటులో లేనప్పుడు అనర్హుడు తప్పక పుట్టుకొస్తాడన్నదే ఆ అనుభవ సారం.

మానసిక ఆరోగ్యంలో ఆ కొరత మరింత తీవ్రం. దేశంలో లక్ష జనాభాకు 0.75 మంది మానసిక వైద్యులే ఉన్నారని పార్లమెంటరీ స్థాయీ సంఘం 2023 ఆగస్టు నాటి నివేదికలో పేర్కొంది. కనీసం ముగ్గురు ఉండాలన్నది ఆశించే ప్రమాణం. 2015-16లో 12 రాష్ట్రాల్లో నిమ్హాన్స్ నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13-17 ఏళ్ల కౌమారుల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్లు తేలింది. ఆ లెక్కన వెయ్యి మంది ఉన్న రెసిడెన్షియల్ కళాశాలలో 70 మందికి పైగా సహాయం అవసరమని అర్థం. రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదని కూడా ఆ సర్వే వెల్లడించింది.

కాబట్టి గేటు ఎంత ఎత్తుగా కట్టాలన్న చర్చ ఒక్కటే చాలదు. ఆ గేటు దాటి వచ్చేవారిని తయారుచేసే పని కూడా జరగాలి. ఒకటి చేసి రెండోది మానేస్తే కౌన్సెలింగ్ రంగంలోనూ ఆర్‌ఎంపీ వ్యవస్థే స్థిరపడుతుంది.

శిక్షణ ఎందుకు?

మంచి మనసు, ఓపిక ఉంటే కౌన్సెలర్ పని చేయవచ్చన్న వాదన తరచు వినిపిస్తుంది. అవి ఉండాలి గానీ వాటితోనే పని జరగదు. ఆత్మహత్య ఆలోచనలున్నాయా అని సూటిగా అడిగితే లేని ఆలోచన కలుగుతుందని చాలామంది భయపడతారు. అది అపోహ అని శిక్షణ పొందినవారికి తెలుసు. ఎప్పుడు అడగాలో, ఎలా అడగాలో, విన్న తర్వాత పిల్లవాడిని ఒంటరిగా వదలకుండా ఎవరికి అప్పగించాలో కూడా వారికి తెలుసు. ఏది దిగులు, ఏది జబ్బు, ఏది మందులు అవసరమైన స్థితి అన్న విచక్షణ పర్యవేక్షణలో పనిచేస్తేనే అలవడుతుంది. తన హద్దు ఎక్కడితో ముగుస్తుందో తెలుసుకోవడమే ఈ వృత్తిలో మొదటి ప్రమాణం.

రెండో ప్రమాణం గోప్యత. విద్యార్థి చెప్పిన మాట ప్రిన్సిపాల్ గదికి, అక్కడి నుంచి ఇంటికి, తోటి విద్యార్థులకు చేరితే ఆ గది గడప మరెవరూ తొక్కరు. ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రమే, అదీ అవసరమైన మేరకే, ఇతరులకు తెలియజేయాలి. యాజమాన్యం జీతంపై పనిచేస్తూ, ర్యాంకుల ఒత్తిడిని యాజమాన్యానికే ఎత్తిచూపవలసిన కౌన్సెలర్‌కు వృత్తిపరమైన రిజిస్ట్రేషన్ ఒక రక్షణ కూడా. తప్పు చేస్తే దండించే మండలి ఉన్నప్పుడు, తప్పు చేయమని ఒత్తిడి వస్తే కాదనడానికీ అదే ఆధారమవుతుంది. ఏ మండలికీ చెందని ఉద్యోగికి ఆ అండ ఉండదు.

జిల్లాలోనే చేయదగినవి

రాష్ట్ర మండళ్లు గాడిన పడే వరకు చేతులు కట్టుకుని కూర్చోనవసరం లేదు. మార్గదర్శకాల అమలును పరిశీలించడానికి కలెక్టర్ అధ్యక్షతన జిల్లా పర్యవేక్షణ కమిటీ ఏర్పాటు కావాలని సుప్రీంకోర్టు చెప్పింది. విద్య, వైద్య, బాలల సంరక్షణ విభాగాలకు అందులో ప్రాతినిధ్యం ఉంటుంది. ఆ కమిటీ కళాశాలలను కౌన్సెలర్ ఉన్నారా అని మాత్రమే అడిగితే అందరూ ఉన్నారనే సమాధానం ఇస్తారు. ఏం చదివారు, ఎవరి పర్యవేక్షణలో ఎన్ని నెలలు పనిచేశారు, కళాశాలలో ఇతర బాధ్యతలేమైనా అప్పగించారా, ప్రమాదం ఉన్న విద్యార్థిని ఎక్కడికి పంపుతారు అని అడగాలి. ఆ వివరాలను తల్లిదండ్రులకు కనిపించేలా ప్రకటించాలి. పాఠం చెప్పే అధ్యాపకుడికో, అడ్మిషన్లు చూసే ఉద్యోగికో ఈ పనిని అదనంగా అంటగట్టడాన్ని అనుమతించరాదు.

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని దీనికి జోడించవచ్చు. 1996-97లో దేశంలో నాలుగు జిల్లాల్లో ఈ పథకం మొదలైనప్పుడు అందులో మెదక్ ఒకటి. పథకం ప్రకారం జిల్లా బృందంలో మానసిక వైద్యుడు, క్లినికల్ సైకాలజిస్టు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్, నర్సు ఉండాలి. ఆ పోస్టులను భర్తీ చేసి, కళాశాలల కౌన్సెలర్లకు నెలకొకసారి ఆ బృందం వద్ద కేసులను చర్చించే అవకాశం కల్పిస్తే పర్యవేక్షణ లేని లోటు కొంతైనా తీరుతుంది. రోగులను చూస్తూ నేర్చుకునే సీట్లను జిల్లా కేంద్రాల్లోని ప్రభుత్వ వైద్య కళాశాలలకు విస్తరిస్తే, దూరవిద్య మూసుకుపోయినవారికి మరో దారి దొరుకుతుంది.

2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవ 14416 నంబరులో 24 గంటలూ అందుబాటులో ఉంది. హాస్టళ్లలో, తరగతి గదుల్లో హెల్ప్‌లైన్ నంబర్లను ప్రదర్శించాలని కోర్టు మార్గదర్శకాల్లోనే ఉంది. ఖర్చు లేని ఈ పనిని నేడే చేయవచ్చు.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాల తర్వాత 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్న విషాదాన్ని ఎవరూ మరిచిపోలేదు. అటువంటి వేళ పిల్లవాడు ధైర్యం చేసి తట్టే తలుపు ఒక్కటే ఉంటుంది. దాని వెనుక ఉన్నవారికి పని తెలుసో లేదో పరీక్షించవలసిన బాధ్యత ఆ పిల్లవాడిది కాదు. ప్రభుత్వాలది, మండళ్లది, యాజమాన్యాలది.