లైసెన్సు చేతికొచ్చింది, స్టీరింగు ఇచ్చేదెవరు?

"వడ్లు తూకమైనయి, లారీ రాలేదు." ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో యాసంగి కోతలు మొదలైతే చాలు, కొనుగోలు కేంద్రాల వద్ద ఈ మాట వినిపిస్తుంది. లారీ రాకపోవడానికి కారణాలు అనేకం. మిల్లుల వద్ద దిగుమతి ఆలస్యం కావచ్చు, హమాలీలు దొరకకపోవచ్చు. వాటికి తోడు, బండి వున్నా నడిపే మనిషి లేడని యజమానులు చెబుతున్నారు. అదే సమయంలో, అదే వూరి బస్సు స్టేజీ వద్ద హెవీ లైసెన్సు జేబులో పెట్టుకొని పనిలేక కూర్చున్న యువకులు కనిపిస్తున్నారు. డ్రైవర్లు లేరని ఒకరి మాట, పని లేదని మరొకరి మాట. రెండూ నిజమే. ఆ రెంటికీ మధ్య అడ్డంగా నిలిచినదాని పేరు అనుభవం.

ఈ విలేఖరికి తెలిసిన ఒక యువకుని సంగతి చూడండి. ఇంటరు తప్పాడు. నాలుగేండ్లు వూరిలో ట్రాక్టరు నడిపాడు. తల్లి పుస్తెలతాడు కుదువబెట్టి ఇచ్చిన డబ్బుతో నేర్చుకొని హెవీ లైసెన్సు తీసుకున్నాడు. కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైటు క్వారీలకు వెళ్ళాడు, గోదావరిఖనిలో బొగ్గు టిప్పర్ల వద్దకు వెళ్ళాడు, లారీ అడ్డాల వద్ద రోజుల తరబడి నిలుచున్నాడు. అంతటా ఒకటే ప్రశ్న. "ఎన్నేండ్ల సంది లారీ నడుపుతున్నవు బిడ్డా?" ఇప్పుడే లైసెన్సు వచ్చిందంటే, "రెండేండ్లు ఎక్కడన్నా నడిపి రా" అన్నారు. ఆ రెండేండ్లు ఎక్కడ నడపాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదన్న సామెత ఇలాంటివారిని చూసే పుట్టినట్లుంది.

యజమానిని తప్పు పట్టడం సులభం. కాని ఆయన బాధ కూడా వినవలసిందే. లక్షల రూపాయల బండి, నెలనెలా కట్టవలసిన కిస్తీలు, పైన పరులది లోడు. ట్రాక్టరు నడిపినంత మాత్రాన లారీ నడపగలరని ఏ యజమానీ నమ్మడు. లోడుతో వున్న బండి బ్రేకు వేసినచోట ఆగదు. వెనకకు తీసేటప్పుడు అద్దంలో కనిపించని మూల వుంటుంది. రాజీవ్ రహదారి మీద పోయే బండి వేగం వేరు, పక్క వూళ్ళ రోడ్డు మీద సగం దాకా ఆరబోసిన వడ్లను, చీకట్లో వాటి చుట్టూ పెట్టిన రాళ్లను తప్పించే నేర్పు వేరు. తెలియని చేతికి స్టీరింగు ఇస్తే పోయేది బండి ఒక్కటే కాదు, ప్రాణాలు కూడా.

వెనుక ఈ చిక్కుకు ఒక దారి వుండేది. కుర్రవాడు ముందు క్లీనరుగా లారీ ఎక్కేవాడు. బండి కడగడం, పరదా కట్టడం, టైరు మీద కడ్డీతో కొట్టి గాలి చూడడం, జాకీ పెట్టడం నేర్చేవాడు. డ్రైవరు పక్కన కూర్చొని గేరు ఎప్పుడు మారుస్తాడో, మలుపు ఎలా తిప్పుతాడో చూసేవాడు. ఆ చదువుకు ఫీజు లేదు. అలాగని అంతా మంచే అనలేము. జీతం సరిగా వుండేది కాదు, తిట్లు, దెబ్బలు వుండేవి. లైసెన్సు లేని క్లీనరు చేతికి రాత్రిపూట బండి ఇచ్చి డ్రైవరు నిద్రపోవడం వల్ల ఎన్నో ఇండ్లు కూలిపోయాయి. ఇప్పుడు డీజిలు, టోలు ఖర్చులు పెరిగేసరికి అనేకమంది యజమానులు క్లీనరునే మానుకున్నారు. నేషనల్ పర్మిట్ లారీకి ఇద్దరు డ్రైవర్లు వుండాలన్న నిబంధనను కూడా 2018లో సడలించారు. కొత్తవాడు కూర్చొని నేర్చుకొనే సీటు ఖాళీగానే పోతున్నది. ఆ సీటులో కుర్రవాడిని కూర్చోబెట్టనివారు, మరునాడు డ్రైవరు దొరకలేదంటే ఫలితమేమి?

అయినా దారులు పూర్తిగా మూసుకుపోలేదు. చట్టం ఏమంటున్నదో మన యువకులు తెలుసుకోవాలి. 18 యేండ్లు నిండినవారు కారు, వ్యాను వంటి తేలిక వాహనాల లైసెన్సు తీసుకోవచ్చు. అది తీసుకొని యేడాది గడిచి, 20 యేండ్లు నిండిన తరువాతనే హెవీ వైపు వెళ్ళడానికి వీలున్నది. ఎనిమిదో తరగతి చదివి వుండాలన్న నిబంధనను 2019లో కేంద్ర ప్రభుత్వం తొలగించింది. బడి మానేసినవాడినని వెనుకాడనక్కరలేదు. మరొక ముఖ్యమైన సంగతి వున్నది. లోడుతో కలిపి మొత్తం బరువు 7,500 కిలోలకు మించని సరుకు బండ్లను తేలిక వాహనాల లైసెన్సుతోనే నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తీర్పు చెప్పింది.

అంటే మొదటి మెట్టు పది టైర్ల లారీ కాదు. ట్రాలీ ఆటో, చిన్న డి.సి.ఎం. వంటి బండ్లు మొదటి మెట్టు. కూరగాయలు, పాలు, కిరాణా సామాను మోసే ఈ బండ్ల యజమానులు మన మండలాల్లోనే వుంటారు. వారికి కుర్రవాని ఇల్లు తెలుసు, తండ్రి తెలుసు. ఆ నమ్మకమే ఇక్కడ సిఫారసు. అయితే డి.సి.ఎం. బండ్లన్నీ ఒకే బరువువి కావు. ఎక్కే ముందు ఆర్.సి.లో రాసిన మొత్తం బరువు చూసుకోవాలి. ఒకటి రెండేండ్లు అక్కడ చేయి తిరిగితే ఆరు టైర్ల బండి యజమాని కూడా మాట వింటాడు.

నేర్చుకోవాలనుకునేవారికి సిరిసిల్ల దగ్గర మండేపల్లిలో డ్రైవింగ్ శిక్షణ సంస్థ వున్నది. శిక్షణ ఎప్పుడు మొదలవుతుందో, ఎవరికి అవకాశమో అక్కడికే వెళ్ళి విచారించుకోవడం మంచిది. మధ్యలో మనిషి అవసరం లేదు.

ఈ మధ్యవర్తుల గురించే గట్టిగా చెప్పవలసి వుంది. బండి ఎక్కకుండానే కాగితాలన్నీ తెచ్చిస్తామనేవారు ప్రతి పట్టణంలోనూ తగులుతారు. అలా కొన్న లైసెన్సు చూపించడానికే గాని మలుపు దగ్గర పనికిరాదు. గల్ఫ్‌లో ట్రైలర్ డ్రైవరు ఉద్యోగమని ఆశ చూపేవారు మరికొందరు. మన లైసెన్సుతో నేరుగా అక్కడ ఉద్యోగం చేయలేము. అక్కడి పరీక్ష నెగ్గి అక్కడి లైసెన్సు తీసుకోవాలి. విదేశీ వ్యవహారాల శాఖ వద్ద నమోదైన ఏజెంటు సేవా రుసుముగా 30,000 రూపాయలు, దానిపై పన్ను మాత్రమే తీసుకోవాలి. అంతకు మించి అడిగితే అనుమానించవలసిందే. ఇక్కడ లారీ ముట్టనివాడు అక్కడ ట్రైలర్ నడుపుతాడని చెప్పేవాడు మన మేలు కోరేవాడు కాదు.

పని దొరికిన కుర్రవాడు కూడా జాగ్రత్తలు పాటించాలి. సీటు ఎక్కే ముందు బండి ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్, పర్మిట్ చూసుకోవాలి. ఒరిజినల్ లైసెన్సు యజమాని వద్ద తాకట్టుగా వుంచరాదు. ఏ తేదీన ఏ బండి ఎక్కడికి నడిపాడో ఒక నోటుబుక్కులో రాసుకొని యజమానితో సంతకం చేయించుకోవాలి. రేపు మరొకచోట అనుభవం అడిగితే ఆ పుస్తకమే జవాబు చెబుతుంది. అన్నిటికన్న ముఖ్యమైనది, నిద్ర వస్తే బండి ఆపడం. కొత్తవాడు కాదనలేడని వరుసగా రెండో రాత్రి కూడా నడిపించేవారున్నారు. ఐదుగురు, అంతకు మించి కార్మికులున్న రవాణా సంస్థలలో పని సాధారణంగా రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించరాదని 2025 వరకు అమలులో వున్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పేది. ఒక్క లారీ వున్న యజమానికి ఆ చట్టం వర్తించకపోయి వుండవచ్చు. కాని నిద్ర అందరికీ ఒకటే.

ఇక యజమానులు చేయవలసినది. లైసెన్సు వున్న కొత్తవాడిని ఆరు నెలలు అనుభవజ్ఞుడైన డ్రైవరు పక్కన, జీతం, బత్తా ఇచ్చి కూర్చోబెట్టాలి. ముందు పగటిపూట ఖాళీ బండి ఇవ్వాలి, తరువాత దగ్గరి లోడు, ఆ తరువాతనే దూరపు ప్రయాణం. ఖర్చు అనుకోవద్దు. లైసెన్సు లేని క్లీనరుతో నడిపించి ప్రమాదం జరిగితే పరిహారం భారం చివరకు యజమాని మెడకే చుట్టుకుంటుంది. లారీ యజమానుల సంఘాలు తమ కార్యాలయాలలో కొత్త డ్రైవర్ల పేర్లతో ఒక రిజిస్టరు పెడితే, వడ్ల కాలంలో మనిషి కోసం వెతుక్కోవలసిన పని వుండదు.

రవాణా శాఖ అధికారులు హెవీ పరీక్షను పరీక్షగానే జరపాలి. జిల్లా అధికారులు పేద యువకులకు భోజన వసతితో శిక్షణ ఇప్పించే ఏర్పాటు చేయాలి. ధాన్యం రవాణా కాంట్రాక్టులు ఇచ్చేటప్పుడు ప్రతి కాంట్రాక్టరూ కొందరు కొత్త డ్రైవర్లకు పాతవారి పక్కన పని చూపించాలని షరతు పెడితే ఇంకా మేలు.

పుస్తెలతాడు కుదువబెట్టిన ఆ తల్లి అడిగేది ఉచితంగా ఏమీ కాదు. కొడుకును ఎవరైనా పక్క సీటులో కూర్చోనిస్తే చాలునంటున్నది. ఆ యువకుడు ఇప్పుడు మళ్లీ ట్రాక్టరే నడుపుతున్నాడు. వచ్చే యాసంగికైనా మన వడ్లు మోసే లారీలో అతనికి చోటు దొరకాలి.